మేనేజర్‌కి వడదెబ్బ

పశువైద్యంలో కొత్తగా చేరిన అమ్మాయిలు ముగ్గురు ఈమధ్య మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అని కూర్చున్నారు. గొప్ప కేసంటే వాళ్ల ఉద్దేశం అడ్డం తిరిగిన దూడను బయటికి లాగడమో, గేదె పొట్ట కోసి మేకులు తీయడమో. అలాంటివి నేనూ చేశాను, రేపు వాళ్లూ చేస్తారు. అందులో చెప్పుకోవడానికేముంది? నేను చెప్పింది పదిమంది ముందు నన్ను వెర్రిదాన్ని చేసిన కేసు. పేషెంటు ఒక ఊరకుక్క. తప్పు పూర్తిగా నాది. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం ఫరవాలేదు.

నా ఉద్యోగమంతా పల్నాడులోనే గడిచింది. మాచర్లలో మొదలుపెట్టి, కారంపూడిలో సగం వయసు పోగొట్టుకుని, చివరికి పిడుగురాళ్ల దగ్గర ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో తేలాను. మొదటి ఇరవై ఏళ్లూ గేదెలు, ఎద్దులు, గొర్రెలు తప్ప వేరే పేషెంటు మొహం చూసి ఎరగను. ఎవరైనా కుక్కను తీసుకొస్తే వరండాలో కూర్చున్న రైతులు పగలబడి నవ్వేవాళ్లు. తర్వాత కాలం మారింది. మంచు దేశాల్లో బతకాల్సిన కుక్కలు మన ఊళ్లలోకి దిగాయి.

ఒక ఏడాది నరసరావుపేట నుంచి పత్తి వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన కారులో అలాంటి కుక్కనే తెచ్చాడు. కారు తలుపు తీసి చూశాను. దాని ఒంటిమీద ఒక్క వెంట్రుక లేదు. చర్మం అక్కడక్కడా ఎర్రగా కమిలిపోయి ఉంది.

"ఏందండీ ఇది?" అన్నాను.

"ఎండకి ఆయాసపడుతుందని కొండకి తీసుకుపోయి గుండు చేయించామమ్మా. మొక్కు తీరినట్టూ ఉంటది, దానికి చల్లగానూ ఉంటదని" అన్నాడాయన ఎంతో భక్తిగా.

ఆ జుట్టే దానికి ఎండ తగలకుండా గొడుగని, దువ్వి పలచన చేయాలే కానీ తీసేయకూడదని చెప్పేసరికి ఆయన మొహం చిన్నబోయింది. పాపం, మంచివాడే. మందు రాసి పంపాను కానీ, ఆ రోజే నాకొక ఆలోచన వచ్చింది. కుక్కల్ని ఎండ నుంచి ఎలా కాపాడుకోవాలో ఒక కాగితం రాసి ఊరూరా పంచాలని.

రాశాను. మా కాంపౌండరు అచ్చుతప్పులు దిద్దాడు. ఆయన్ని అందరూ సాయిబుగారు అనేవాళ్లు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, నాకన్నా నలభై రెట్లు ఓపిక. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డుమీద కుక్కను నడిపించకండి, మీ అరచెయ్యి ఆ రోడ్డుమీద పెట్టి చూసుకోండి, ఎంతసేపు ఉంచగలరో మీకే తెలుస్తుంది అని రాశాను. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకు నాలుకే దిక్కు, అందుకని ఎండలో మూతి కట్టకండి అని రాశాను. అన్నిటికంటే పెద్ద అక్షరాలతో చివర్లో ఒక మాట: కుక్క వగరుస్తూ పడిపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఒళ్లంతా నీళ్లు పోయండి.

ఆ కాగితం చూసుకుని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. పిచ్చికుక్క టీకాల క్యాంపులు పెట్టినప్పుడు కార్డుతోపాటు చేతిలో పెట్టేవాళ్లం. సున్నపు బట్టీల దగ్గరా పంచాం. అక్కడ ఒకామె దాన్ని చదివించుకుని, ఏదో అనబోయి, నేను హడావిడిగా ఉండటం చూసి ఊరుకుంది. అదేంటో ఆరోజు అడిగుంటే నా పరువు నిలిచేది.

ఆ వేసవిలోనే, రోహిణి కార్తె నడుస్తుండగా, పదకొండు గంటలప్పుడు ఆసుపత్రికి ఫోనొచ్చింది. ఆడగొంతు. వణుకుతోంది.

"డాక్టరమ్మేనా? మేనేజర్ పడిపోయాడమ్మా! నురగ కక్కుతన్నాడు, కళ్లు తేలేశాడు, తొందరగా రండమ్మా!"

"ఏ మేనేజరు?"

"బట్టీ మేనేజరమ్మా!"

"అయ్యో, నేను పశువుల డాక్టర్నమ్మా! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

"అంబులెన్సులో కుక్కనెందుకు ఎక్కించుకుంటారమ్మా!" అని ఆమె భోరుమంది.

సాయిబుగారు అప్పటికే సంచీ సర్దుతున్నాడు. "నేనే రాశాను మేడమ్ దాని టీకా కార్డు. కుక్క పేరు మేనేజర్. పొద్దున్నే బట్టీ అంతా ఒక రౌండు కొట్టి, అందరి క్యారియర్లూ వాసన చూసి, ఇంక ఏ పనీ చేయకుండా నీడలో పడుకుంటాడంట. అందుకని కూలోళ్లు పెట్టిన పేరు" అన్నాడు. ఇద్దరం ఆయన మోపెడ్ మీద బయల్దేరాం. గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వస్తోంది. నేను వెనక కూర్చుని తలమీద తడిగుడ్డ కప్పుకుంటే, బట్టీ చేరేలోపే ఎండిపోయింది.

బట్టీ ముందు పాతికమంది దాకా గుంపుగా ఉన్నారు. నలుగురైదుగురి చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో పార. మధ్యలో తెల్లగా ఒక కుక్క పక్కకు వాలి పడుంది. దాని తల దగ్గర ఒకామె గొంతుక్కూర్చుని చేటతో విసురుతోంది. సున్నం జల్లెడ పట్టే కూలి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఇందాక ఫోన్ చేసింది ఈమే.

అసలు మేనేజరు, అంటే రెండు కాళ్ల మేనేజరు, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "పిచ్చికుక్క మేడమ్. తూలుకుంటా వచ్చింది, ఒకడిమీదకి పళ్లు చూపించింది, నురగ చూడండి. లోడింగు ఆగిపోయింది. మీరొస్తున్నారని ఆపా, లేకపోతే ఈపాటికి అయిపోయేది" అన్నాడు.

"పిచ్చి కాదమ్మా! సూదేయించా, కార్డుంది!" అని ఆమె రవికెలోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కార్డు తీసి ఇచ్చింది. "వీణ్ని కొట్టొద్దని చెప్పండమ్మా. వీడు లేకపోతే నా పిల్లని ఎవరిమీద వదిలి పనిలోకి దిగాల? పోయిన నెల లారీ రివర్సు వస్తంటే టైరుకి అడ్డంపడి మొరిగాడు. పిల్ల మూరెడు దూరంలో పడుకోనుంది. డ్రైవరు చూడనే లా."

గోడ వారన చీర ఉయ్యాలలో ఏడాది నిండని ఆడపిల్ల నిద్రపోతోంది. సంగతి నాకప్పుడు అర్థమైంది. అది పెంపుడు కుక్క కాదు. ఆ పిల్లకు ఆయా.

మేనేజరు కార్డు లాక్కుని చూశాడు. చూసి ఎగిరి గంతేశాడు. "మేడమ్, ఇది ఆ కుక్క కాదు! కార్డులో రంగు నలుపు అని ఉంది. ఇదేమో తెల్లకుక్క!"

కర్రలవాళ్లు ఒక అడుగు ముందుకు వేశారు. నేనూ కార్డువైపు, కుక్కవైపు మార్చి మార్చి చూశాను. సాయిబుగారు కూడా కళ్లద్దాలు సర్దుకున్నాడు. నిజమే, కార్డులో నలుపు. ముందున్నది తెలుపు. ఈమె ఇంకెవరి కార్డో చూపిస్తోందా అని నాకూ అనుమానం వచ్చింది, దాచుకోవడం ఎందుకు.

కానీ కుక్క పరిస్థితి చూస్తే నా ప్రాణం ఊరుకోలేదు. వంగి పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు ఇటుకరాయి రంగులో ఉన్నాయి. చెవి పట్టుకుంటే కాలుతోంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. వడదెబ్బే, అందులో సందేహం లేదు. పిచ్చి కూడా ఉందా లేదా అన్నది తర్వాత తేలుతుంది, ముందు ఒంటి వేడి దించకపోతే పావుగంటలో పోతుంది. సాయిబుగారు అలవాటు కొద్దీ మూతి కట్టడానికి బ్యాండేజి తీస్తే వద్దని చెప్పాను. ఆయన తోలు గ్లౌజులు తొడుక్కుని, కొంచెం ఎడంగా మెడ దగ్గర పట్టుకున్నాడు.

అప్పుడు నాకొక విషయం కనిపించింది. కుక్క పడిపోయి అరగంటయింది, దాని ఒంటిమీద ఒక్క నీటి చుక్క లేదు. పక్కనే బకెట్టు, చెంబు ఉన్నాయి. మనిషి మాత్రం చేట పట్టుకుని కూర్చుంది.

నాకు ఒళ్లు మండింది. నా నోరు సంగతి జిల్లా అంతా తెలుసు. "బుద్ధుందా నీకు? కాగితం ఇచ్చాను గదా! అంత పెద్ద అక్షరాలతో రాశాను గదా, నీళ్లు పొయ్యమని! అరగంట నుంచి విసురుతూ కూర్చుంటావా? దాన్ని కర్రలతో వీళ్లు కాదు, నువ్వు చంపుతున్నావు!" అని అందరిముందూ అరిచాను. ఆమె "అమ్మా, అది కాదు" అంటూనే ఉంది. నేను వింటేగా. చెంబుతో నీళ్లు ముంచి కుక్క వెనక కాలిమీద గుమ్మరించాను.

స్పృహ లేని కుక్క ఒక్కసారి కాలు విదిలించింది. నీళ్లు పడ్డచోట తెల్లగా ఉడికినట్టు పొంగి, సన్నగా ఆవిరి లేచింది. ఇదేంటని చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

రెండో చెంబు ముంచబోతుంటే ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పొయ్యొద్దమ్మా! ఒళ్లంతా సున్నం! తూలిపోయి, అప్పుడే జల్లించిన పొడిసున్నంలో పడి పొర్లాడు. నీళ్లు తగిల్తే ఉడికిపోద్ది!" అంటూ కొంగుతో కుక్క వీపు మీద ఒక్క తుడుపు తుడిచింది. కింద నిగనిగలాడుతూ నల్లటి బొచ్చు కనిపించింది.

పార పట్టుకున్నవాడు పార దించాడు. కార్డు రాసిన సాయిబుగారు "నలుపే" అని మెల్లగా అన్నాడు. బట్టీ సున్నంలో నీళ్లు పోస్తే సలసలా ఉడుకుతుందని పల్నాడులో పలకాబలపం పట్టని వాళ్లకు కూడా తెలుసు. మా ఇంటికి సున్నం వేసేటప్పుడు తొట్టి దగ్గరికి రావద్దని మా అమ్మ నన్ను ఎన్నిసార్లు గదిమిందో. అంతా తెలిసి, డిగ్రీ చదివి, సున్నపు బట్టీలో నిలబడి, తెల్లటి కుక్కను చూసి తెల్లకుక్క అనుకున్నాను. నా మొహానికి ఒక కాగితం, దాంట్లో పెద్ద అక్షరాలు! ఆ రోజు కాగితం చదివించుకుని ఆమె అనబోయిందీ ఇదే.

కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైము లేదు. "ఏం చేస్తారమ్మా మీరు, మనిషిమీద పడితే?" అని అడిగాను. ఈసారి గొంతు తగ్గించే అడిగాను.

"ముందు పొడిపొడిగా దులుపుతాం. తడిచెయ్యి తగలనియ్యం. బాగా పోయినాక ఒకటే నీళ్లు, ఆపకుండా పోస్తాం. కొంచెం కొంచెం పొయ్యగూడదు" అంది. నేను విసరడమే చూశాను కానీ, ఆమె ఆ చేటతో విసురుతూనే రెండో చేత్తో పొడిగుడ్డ పెట్టి కళ్ల అంచులు, ముక్కు, నోరు అప్పటికే శుభ్రం చేసింది. కళ్లలోకి పోకుండా చూసుకుంది. నేను రాకముందు చేయాల్సింది చేస్తూనే ఉందన్నమాట.

"ఇట్టా దులిపితే సాయంత్రమయిద్ది" అన్నాడు లోడుకోసం ఆగిన లారీ డ్రైవరు. గబగబా పోయి క్యాబిన్లోంచి పొడుగాటి గాలి పైపు లాక్కొచ్చాడు. లారీలవాళ్లు ఇంజన్ గాలితో సీట్లు, అద్దాలు దులుపుకునే పైపు అది. కుక్క మొహంమీద కొంగు కప్పి ఆమె ఒరిగి పట్టుకుంది. అందరూ ముక్కులు మూసుకుని గాలికి ఎదురులేకుండా జరిగారు. బుస్సుమని గాలి వదిలితే తెల్లటి దుమ్ము మేఘంలా లేచింది. రెండు నిమిషాల్లో తెల్లకుక్క పోయి నల్లకుక్క వచ్చింది. కర్రలు పట్టుకున్నవాళ్లే "ఓర్నీ, మన మేనేజరేరా!" అని అరిచారు.

ఇక నీళ్లు. డ్రమ్ములో నీళ్లు ఎండకు కాగి టీ పెట్టుకునేట్టున్నాయి. అప్పుడు ఆ కూలీలు చేసిన పని నేను మర్చిపోలేను. ఆ రోజుకు వాళ్లందరికీ తాగడానికున్నవి నాలుగు కూలింగు నీళ్ల టిన్నులు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. నాలుగూ మోసుకొచ్చి మూతలు తీశారు. ఆపకుండా పోశారు. పొట్ట కింద, తొడల మధ్య, పాదాల వేళ్ల సందుల్లో, నేను కాల్చిన ఆ వెనక కాలిమీద అన్నిటికంటే ఎక్కువగా.

నీడ కావాలి, గాలి కావాలి. ఆ ఆవరణలో ఆ రెండూ ఉన్నది ఒక్కటే చోట, మేనేజరు గదిలో. పెద్ద కూలరు. నేను ఆయనవైపు చూశాను. ఆయన ఆకాశంవైపు చూశాడు. "సాయిబుగారూ, ఎత్తండి" అన్నాను. అట్లా మేనేజరు గదిలోకి మేనేజర్ని మోసుకెళ్లి, మేనేజరు బల్లమీద కూలరుకి ఎదురుగా పడుకోబెట్టాం. వేడి చూస్తే థర్మామీటరు నూట ఎనిమిది చూపించింది. సెలైన్ ఎక్కించాను. సాయిబుగారు పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. ఆ గదిలోకి కూలీలు రాకూడదంట. "రామ్మా లోపలికి, నువ్వు లేకపోతే నాకు కుదరదు" అని పిలిచాను.

నూట ఆరు. నూట అయిదు. కిటికీ అవతల ఇరవై తలకాయలు. నూట మూడుకు రాగానే తడపడం ఆపించాను, ఇంకా చల్లార్చితే అదో తంటా. ముప్పావుగంటకు కుక్క కళ్లు తెరిచి, తోకతో బల్లను టపటపా రెండుసార్లు కొట్టి, తలెత్తి, మేనేజరు మజ్జిగ గ్లాసు వాసన చూసింది. సాయిబుగారు గిన్నెలో నీళ్లు పెడితే గటగటా తాగింది. పిచ్చి లేదు, ఏమీ లేదు. అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న ఆమె దాని మెడమీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సాయిబుగారు తనకు సున్నం కంట్లో పడిందని బయటికి పోయాడు.

వెళ్లేముందు ఆమెను పక్కకు పిలిచాను. అందరిముందు తిట్టాను కాబట్టి అందరిముందే చెప్పాలనిపించి, మళ్లీ గుమ్మం దగ్గరికి తీసుకొచ్చాను. "తప్పు నాదమ్మా. నువ్వు చెప్పింది వినకుండా నోరు పారేసుకున్నాను. దాని కాలు నేనే కాల్చాను" అన్నాను.

"పోనీండమ్మా. తిట్టినా వచ్చారు గదా" అంది కళ్లు తుడుచుకుంటూ. ఆగి, మామూలుగానే, ఏ నిష్ఠూరమూ లేకుండా అంది: "మొన్న మా ఆడబిడ్డ ఇట్టాగే పడిపోయింది. ఇక్కడే. ఎవురూ రాలా. లారీ కింద నీడలో పడుకోబెట్టి మేమే విసురుకున్నాం. ఇంకా లేవలేకపోతంది."

నేను మనుషుల డాక్టర్ని కాదు. లేబరు ఆఫీసర్ని కాదు. వాళ్లకు నీడ వేయించమని ఏ అధికారంతో చెప్పాలి? చెప్పినా ఆ రుమాలు మనిషి వింటాడా? నా దగ్గరున్నదల్లా ఆసుపత్రి చీటీల పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు.

ఆ పుస్తకం తీశాను. పేషెంటు పేరు: మేనేజర్. జబ్బు: వడదెబ్బ. చికిత్స అన్నచోట రాశాను. ఒకటి, ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు పచ్చ నెట్టు పందిరి. రెండు, మూత, కుళాయి ఉన్న చల్లటి నీళ్ల డ్రమ్ము, రోజూ నింపాలి. మూడు, పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో పని కూడదు. వేసవి అయిపోయేదాకా. సంతకం చేసి, స్టాంపు వేసి, మేనేజరు చేతిలో పెట్టాను.

ఆయన చదువుకుంటూ, "కుక్కకి ఇరవై అడుగుల పందిరేంది మేడమ్?" అన్నాడు.

"పొద్దుతోపాటు నీడ జరుగుతుంది. నీడతోపాటు అదీ జరగాలి."

"కుళాయి?"

"శుభ్రత."

"పని కూడదంటే? కుక్క ఏం పనిచేసిద్ది?"

"పిల్లను కాస్తుంది గదా. వాళ్లమ్మ ఎండలో ఉంటే అదీ ఎండలోనే ఉంటుంది."

ఆయన ఇంకేదో అనబోయాడు. "మీ ఇష్టమండీ. మళ్లీ పడిపోతే మళ్లీ మీ బల్లమీదే వైద్యం చేస్తాను. రోజూ వస్తాను. నాకేం పని?" అన్నాను. ఆయన తన బల్లవైపు చూశాడు. కాగితాల నిండా నీళ్లు, సున్నం, కుక్క బొచ్చు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో ఆ పాత కాగితాలన్నీ చించి, కొత్తది రాశాం. నీళ్ల మాటకు ముందు సున్నం మాట చేర్చాం. అది ఎలా చెప్పాలో ఆమెకు ఫోన్ చేసి అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టే సాయిబుగారు రాశాడు.

వారం తర్వాత కాలి గాయం చూడటానికి వెళ్లాం. బట్టీ పక్కన పచ్చ నెట్టు పందిరి లేచింది. దానికింద ఆడవాళ్లు క్యారియర్లు విప్పుకుని అన్నాలు తింటున్నారు. మగవాళ్లు తువ్వాళ్లు పరుచుకుని నడుం వాల్చారు. మొన్న పడిపోయిన ఆడబిడ్డను కూడా ఒక మూల మంచంమీద పడుకోబెట్టారు. ఉయ్యాల పందిరి గుంజకు కట్టి ఉంది, దానికింద మేనేజర్ నాలుగు కాళ్లూ చాపి గుర్రుకొడుతున్నాడు.

మేనేజరు నన్ను చూడగానే గదిలోంచి పరుగున వచ్చాడు. "చూడండి మేడమ్, కుక్కకని వేయిస్తే వీళ్లందరూ ఎట్టా తిష్ఠ వేశారో! ఇదేమన్నా బాగుందా?"

"వడదెబ్బ తగిలిన కుక్కను ఒంటరిగా ఉంచకూడదండీ, దిగులు పడుతుంది. చుట్టూ మనుషులుండాలి" అని చీటీల పుస్తకం తీశాను. "మరిచిపోయాను, అదీ రాసి స్టాంపు వేయమంటారా?"

ఆయన నావైపు చూశాడు, సాయిబుగారి వైపు చూశాడు, పందిరి కింద వాళ్లవైపు చూశాడు. అప్పుడే కరెంటు పోయి ఆయన గదిలో కూలరు ఆగిపోయింది. లోపలికి పోయి, తన కుర్చీ తెచ్చుకుని పందిరి కింద వేసుకున్నాడు. ఉయ్యాల పిల్ల తల్లి చెంబు తీసుకుపోయి కుళాయి తిప్పి, ముందు రెండు కాళ్ల మేనేజరుకి ఇచ్చి, తర్వాత మాకిచ్చింది.